కుళాయి తిప్పితే రంగొస్తోంది

మా ఊరు నెల్లూరు జిల్లాలో, సముద్రం పక్కన. మైపాడుకీ కృష్ణపట్నానికీ మధ్య ఎక్కడో అనుకోండి, పేరు మాత్రం రాయను. ఎందుకు రాయనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఊరి మధ్యలో టీ కొట్టు. నా చిన్నప్పుడు ఆ కొట్టుకి ఒకటే పేపరు వచ్చేది, ఈనాడు. పొద్దున్నే తాత నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. తాత చదువు ఐదో క్లాసు. సంపాదకీయం పేజీని ఒక్కసారి కూడా విప్పి చూసిన గుర్తు లేదు. మొదటి పేజీలో శ్రీధర్ వేసే చిన్న కార్టూన్, అదేనండీ 'ఇదీ సంగతి', అది చూడనిదే మాత్రం గ్లాసు పట్టుకునేవాడు కాదు. "ఈ పొద్దు ఏం గీకినాడో చూడరా అబ్బయ్యా" అనేవాడు. నేను కూడబలుక్కుని చదివేవాడిని. ముందు తాత నవ్వేవాడు, తర్వాత బల్ల మీదున్న నలుగురూ నవ్వేవాళ్ళు. నాకు అర్థమయ్యేది కాదు. ఎందుకు నవ్వారని అడిగితే ఆ నలుగురూ తలా ఒక ముక్క చెప్పేవాళ్ళు. కరెంటు చార్జీలూ, యూరియా కోటాలూ, ఎమ్మెల్యే టికెట్లూ అన్నీ నాకు అలా వచ్చినవే. పౌరశాస్త్రం పుస్తకం తర్వాత వచ్చింది.

2008లో సాక్షి మొదలైంది. కొన్నాళ్ళకి కొట్టతను రెండు పేపర్లూ వేయించుకోవడం మొదలుపెట్టాడు. రెండూ వేయిస్తే గానీ రెండు బల్లలూ నిండటం లేదు మరి. ఒకే రోజు, ఒకే వార్త, రెండు కార్టూన్లు. ఈ పేపర్లో దొంగగా ఉన్నాయన ఆ పేపర్లో దేవుడు. ఆ పేపర్లో బోనులో ఉన్నాయన ఈ పేపర్లో న్యాయమూర్తి. నాకు పదకొండేళ్ళు, బుర్ర తిరిగిపోయేది. తాత మాత్రం రెండూ చూసేవాడు. "రెండూ కలిపితే ఒక పేపరు అవుద్దిరా" అనేవాడు. చదువుకున్న నేను ఇప్పటిదాకా ఇంతకన్నా మంచి మీడియా విమర్శ ఎక్కడా చదవలేదు :)

సరే, అసలు విషయానికొస్తా.

మా వైపు బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. సముద్రం పక్కన ఊళ్ళన్నిటికీ ఇదే బాధ. కాబట్టి మాకు ఓవర్‌హెడ్ ట్యాంకంటే గుడి గోపురంతో సమానం. ఆ ట్యాంకుకి మొదట పసుపు రంగు ఉండేది. ప్రభుత్వం మారాక మూడు రంగులు వచ్చాయి. కోర్టు తీర్పులొచ్చాక తెల్లసున్నం కొట్టారు. మళ్ళీ ప్రభుత్వం మారాక నడుము చుట్టూ పసుపు పట్టీ వేశారు. ఇన్ని జరిగినా మోటారు మాత్రం పాతదే, మూడు రోజులకొకసారి నీళ్ళూ పాతవే. 2025 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాకు ఖాళీగా ఉండి ఒక బొమ్మ వేశాను. పెద్ద గొప్ప బొమ్మేం కాదు, పాత నోటు పుస్తకంలో బాల్‌పెన్నుతో. ట్యాంకు చుట్టూ ఉల్లిపాయ పొరల్లా రంగు మీద రంగు. కింద కుళాయి. బిందె పట్టుకుని ఒకామె. కుళాయిలోంచి చుక్కచుక్కగా పడుతోంది, నీళ్ళు కాదు, పెయింటు. కింద "కుళాయి తిప్పితే రంగొస్తోంది" అని రాసి, ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

గంటలో నలభై నవ్వు బొమ్మలు వచ్చాయి. రెండో గంటలో ఒక పార్టీ వాళ్ళు "మా రంగు ఎందుకు పైన వేశావు" అన్నారు. మూడో గంటలో రెండో పార్టీ వాళ్ళు "మా రంగు కింద ఎందుకు వేశావు, తొక్కేశామనా" అన్నారు. ఇంతవరకూ నాకు సరదాగానే ఉంది. రాత్రి ఎనిమిదింటికి ఇద్దరు మనుషులు ఇంటికొచ్చారు. గొడవేం చెయ్యలేదు. మంచినీళ్ళు తాగారు. నాయనతో "మీ అబ్బాయి బెంగుళూరులో ఉంటాడు, ఆదివారం పోతాడు. మీరు ఈడనే ఉండారు కదా" అన్నారు. అంతే. ఎవరు పంపారో, ఏ పార్టీ వాళ్ళో రాయను, అది ముఖ్యం కూడా కాదు. ఆ ఇద్దరూ పోయాక నాయన నా వైపు చూడకుండానే "తీసెయ్ రా" అన్నాడు. తీసేశాను.

ఆ రోజు నుంచీ ఈ విషయం నన్ను తొలుస్తోంది. నాకు రాజ్యాంగంలో 19(1)(ఎ) తెలుసు. సెక్షన్ 66ఎ ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసిందని తెలుసు. ఇవేవీ ఆ రాత్రి నాకు అక్కరకు రాలేదు. ఎందుకంటే ఎవరూ నా మీద కేసు పెట్టలేదు.

ఇంతకీ నేను వేసిన బొమ్మ అబద్ధమా? ఒక్కసారి మన రాష్ట్రంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పంచాయతీ భవనాలకి అధికార పార్టీ రంగులు వేస్తే హైకోర్టు 2020 మార్చిలో తీసెయ్యమంది. సుప్రీంకోర్టుకి వెళ్ళారు, అక్కడా అదే మాట. ఏప్రిల్లో కొత్త జీవో వచ్చింది. ఉన్న రంగులకి మట్టి రంగు ఒకటి కలిపి, ఆకుపచ్చ అంటే వ్యవసాయం, నీలం అంటే చేపలూ రొయ్యలూ, తెలుపు అంటే పాడి, మట్టి రంగు అంటే నేల, ఇవి పార్టీ రంగులు కావు అన్నారు. మే నెలలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది, జూన్లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. అది కరోనా లాక్‌డౌన్ కాలం, గుర్తుంచుకోండి. దీని మీద కార్టూనిస్టు కొత్తగా ఏం వేస్తాడు? జీవోని యథాతథంగా అచ్చేస్తే చాలు.

ఇది ఒక్క పార్టీ రోగం అనుకుంటే పొరపాటు. అన్న క్యాంటీన్లు 2018లో పసుపు రంగులో తెరిచారు, 2024లో మళ్ళీ తెరిచినప్పుడూ అదే రంగు. కాంగ్రెస్ వాళ్ళకి రంగుల గోల తక్కువ, పేర్ల గోల ఎక్కువ. ఏ పథకం చూసినా రాజీవ్, లేకపోతే ఇందిర. ఆరోగ్యశ్రీనే తీసుకోండి. మొదలైనప్పుడు రాజీవ్ ఆరోగ్యశ్రీ, తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ, తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ. రోగి ఒకడే, కార్డు మాత్రం మారుతుంది. ఇది వ్యాసం రాస్తే ఎవరూ చదవరు. మంచం మీద రోగి, చుట్టూ నలుగురు పెయింటర్లు బోర్డులు మారుస్తూ ఉన్నట్టు బొమ్మ వేస్తే మా తాత కూడా నవ్వుతాడు. నవ్వాక ఆలోచిస్తాడు. కార్టూన్ చేసే పని అదే. చదువు తక్కువున్నవాడికి అది సంపాదకీయం, తీరిక లేనివాడికి అది సారాంశం.

తెలుగులో ఈ పని చేసినవాళ్ళకి కొదవ లేదు. 1930ల్లోనే భారతి పత్రికలో తలిశెట్టి రామారావు గారు వ్యంగ్య చిత్రాలు వేశారు. బాపు గారు సినిమాలకి రాకముందే ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశారు. ఉదయం పత్రికలో మోహన్ గీత చూసి ఎంతమంది కుంచె పట్టారో లెక్క లేదు. శ్రీధర్ ఈనాడులో నలభై ఏళ్ళు వేసి 2021 ఆగస్టులో బయటికొచ్చారు. ఆంధ్రజ్యోతిలో శేఖర్ క్యాన్సర్‌తో 2014లో పోయేదాకా గీస్తూనే ఉన్నారు. అదే 2014లో సాక్షి శంకర్ వేసిన మండేలా బొమ్మకి వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రీ వచ్చింది. అంటే మనకి చెయ్యి లేక కాదు. గీత ఎప్పుడూ బాగానే ఉంది.

మరి ఏం పోయింది? నా మటుకు నాకు అనిపించేది చెప్తా. కార్టూన్ కుర్చీని కొట్టడం మానేసి మనిషిని కొట్టడం మొదలుపెట్టింది. కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళ ముక్కు సాగదియ్యాలి, అది కార్టూనిస్టు ఉద్యోగం. ఢిల్లీలో శంకర్ పిళ్ళై గారు నెహ్రూని ఎడాపెడా గీశారు, ఆ నెహ్రూయే శంకర్స్ వీక్లీని 1948లో ఆవిష్కరించారు. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబర్లో, రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చుని తలుపు సందులోంచి ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి ఇస్తున్నట్టు అబూ అబ్రహాం వేశారు. ఆ బొమ్మ ఫలానా మనిషిని తిట్టడానికి కాదు. సంతకం అనేదానికి విలువ లేకుండా పోయిందని చెప్పడానికి. అందుకే యాభై ఏళ్ళయినా దాని గురించి మాట్లాడుకుంటున్నాం. మన పేపర్లలో మాత్రం ఫలానా ముక్కు మీదే కసి. ఆ ముక్కు కుర్చీలో ఉన్నా, ప్రతిపక్షంలో ఉన్నా, జైల్లో ఉన్నా అదే ముక్కు. రెండో ముక్కుకి మాత్రం దండ. చదివే మనమూ అలాగే తయారయ్యాం. కార్టూన్ చూడకముందే ఏ పేపరో చూస్తాం, ఏ పేపరో చూశాక నవ్వాలో వద్దో తేల్చుకుంటాం.

దీని ఫలితం ఏంటంటే, కేసులు పడ్డప్పుడు అడ్డుపడే నాథుడు లేడు. 2017 ఏప్రిల్లో శాసనమండలి మీద వేసిన ఒక బొమ్మ గురించి 'పొలిటికల్ పంచ్' అనే ఫేస్‌బుక్ పేజీ నడిపే అతన్ని అరెస్టు చేశారు. ఒక పార్టీ వాళ్ళు అన్యాయం అన్నారు, రెండో పార్టీ వాళ్ళు తగిన శాస్తి అన్నారు. 2020 మేలో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకు మీద ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టినందుకు గుంటూరులో అరవై దాటిన ఒకావిడకి సీఐడీ నోటీసు ఇచ్చింది. ఇప్పుడు అన్యాయం అన్నవాళ్ళు, శాస్తి అన్నవాళ్ళు చోట్లు మార్చుకున్నారు. 2024 నవంబరులో సోషల్ మీడియా పోస్టుల మీద రాష్ట్రమంతా వరసగా కేసులు పడ్డాయి. మా పక్క ప్రకాశం జిల్లా మద్దిపాడు స్టేషన్లో రాంగోపాల్ వర్మ మీద మార్ఫింగ్ ఫోటోల కేసు కూడా అప్పటిదే. మళ్ళీ చోట్లు మారాయి. వాదనలు మాత్రం కామాతో సహా అవే. ఆఫీసులో మేము దీన్ని కాపీ పేస్ట్ కోడ్ అంటాం.

తమాషా ఏంటంటే ఈ మండలి గొడవ కొత్తది కూడా కాదు. 1983 మార్చిలో అదే మండలిలో జరిగిన గొడవ మీద ఈనాడు "పెద్దల గలాభా" అని శీర్షిక పెడితే సభా హక్కుల ఉల్లంఘన అన్నారు. ఎడిటర్‌ని సభకి పట్టుకురమ్మనే దాకా వెళ్ళింది, 1984లో సుప్రీంకోర్టు ఆపింది. ఆ మండలినే 1985లో రద్దు చేశారు, 2007లో మళ్ళీ తెచ్చారు, 2020 జనవరిలో రద్దు చెయ్యాలని అసెంబ్లీ తీర్మానం చేసింది, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ముప్పై ఏళ్ళు దాటినా పెద్దల సభకి జోకు పడకపోవడం మాత్రం మారలేదు.

పొరుగున కూడా ఇదే కథ. మాకు చెన్నై మూడు నాలుగు గంటల దారి, అక్కడి కబుర్లు మాకు పక్కింటి కబుర్లే. 1987లో ఆనంద వికటన్ అట్ట మీద ఎమ్మెల్యేల గురించి ఒక జోకు బొమ్మ వేస్తే, ఎడిటర్ బాలసుబ్రమణియన్ గారికి తమిళనాడు అసెంబ్లీ మూడు నెలల జైలు వేసింది. జనం గోల చేస్తే రెండు మూడు రోజుల్లో వదిలేశారు. 2017లో తిరునెల్వేలి కలెక్టరాఫీసు దగ్గర వడ్డీ బాధలు తట్టుకోలేక ఒక కుటుంబం తగలబెట్టుకుంది. దాని మీద బొమ్మ వేసిన కార్టూనిస్టు బాలాని అరెస్టు చేశారు. 2025 ఫిబ్రవరిలో ప్రధాని మీద వేసిన కార్టూన్ వల్ల వికటన్ వెబ్‌సైటే మూతపడింది, మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది. ఇక కలకత్తా ప్రొఫెసర్ అంబికేష్ మహాపాత్ర సంగతి చూడండి. ముఖ్యమంత్రి మీద ఒక బొమ్మని 2012లో ఈమెయిల్లో పదిమందికీ పంపారు. ఆయన వేసింది కూడా కాదు, పంపారంతే. ఆ కేసులోంచి బయటపడింది 2023 జనవరిలో. ఆయన మీద పెట్టిన సెక్షన్ 2015లోనే చచ్చిపోయింది, కేసు మాత్రం ఇంకో ఎనిమిదేళ్ళు బతికింది. మన దేశంలో శిక్ష తీర్పుతో మొదలవదు, వాయిదాలతో మొదలవుతుంది.

ఇక్కడ మీరు ఒక మాట అడగొచ్చు. మరి బూతు బొమ్మల సంగతేంటి? ఆడవాళ్ళ మొహాలు అతికించి పెట్టే చెత్త కూడా కార్టూనేనా? కాదు. నేను దాన్ని సమర్థించను. ఎవరి పెళ్ళాన్నో, కూతుర్నో లాగి వేసేవాడికి కార్టూనిస్టు అనే పేరు తగిలించుకునే హక్కు లేదు, వాడి కోసం వేరే చట్టాలున్నాయి. నేను పెట్టుకున్న కొలబద్ద చాలా చిన్నది. ఆ బొమ్మలోంచి మనిషి పేరు తీసేస్తే ఇంకేమైనా మిగులుతుందా? మిగిలితే అది కార్టూన్, ఏమీ మిగలకపోతే తిట్టు. స్నానాల తొట్టి బొమ్మలో పేరు తీసేసినా సంతకం మిగులుతుంది. రంగుల ట్యాంకులో పేరు తీసేసినా దాహం మిగులుతుంది. మార్ఫింగ్ ఫోటోలో పేరు తీసేస్తే మిగిలేది సున్నా.

ఇంకో ముక్క. 2012లో పాఠ్యపుస్తకంలోని 1949 నాటి శంకర్ కార్టూన్ మీద అంబేద్కర్ అభిమానులు అభ్యంతరం చెప్పారు. నత్త మీద ఆయన, వెనక కొరడాతో నెహ్రూ. నొప్పి కలిగిందని చెప్పడం వాళ్ళ హక్కు, నేను కాదనను. కొరడా ఎవరి మీద పడ్డట్టు కనిపిస్తోందో తరతరాలుగా దెబ్బలు తిన్నవాళ్ళకే ముందు తెలుస్తుంది. జవాబు చెప్పడం, మానెయ్యమని అడగడం, తిరిగి బొమ్మ వెయ్యడం, ఇవన్నీ మాటకి మాట. పోలీసుని పంపడం, ఇంటికి ఇద్దరు మనుషుల్ని పంపడం మాటకి మాట కాదు.

నేను టెస్టింగు టీంలో రెండేళ్ళు పనిచేశాను. బగ్ రాస్తే డెవలపర్ మొహం మాడ్చుకుంటాడు, అది మామూలే. "నా మెషీన్లో బాగానే పనిచేస్తోంది" అంటాడు. కానీ బగ్ రాసినవాడి ఇంటికి ఎవరూ మనుషుల్ని పంపరు. ఎందుకంటే ఈ రోజు నేను నోరు మూసుకుంటే రేపు అదే బగ్ కస్టమర్ దగ్గర బయటపడుతుందని అందరికీ తెలుసు. కార్టూన్ కూడా ప్రభుత్వానికి ఉచితంగా వచ్చే బగ్ రిపోర్టు. ఫిక్సు చెయ్యడం చేతకాక రిపోర్టు రాసినవాణ్ణి మూసేస్తే, ట్యాంకులోకి నీళ్ళు రావు.

మా జిల్లా సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. తొంభైల మొదట్లో ప్రభుత్వమే అక్షరాస్యత కోసం 'సీతమ్మ కథ' లాంటి చిన్న పాఠాలు వేయించింది. తాగుడు వల్ల చితికిపోయిన ఒక ఇంటి కథ అది. అక్షరాలు దిద్దుకుంటూ చదివిన ఆడవాళ్ళు ఇది మా ఇంటి కథే కదా అనుకున్నారు. 1992లో దూబగుంట నుంచి లేచిన ఆ గాలి సారా వేలంపాటల్ని ఆపేసింది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. అది 1997లో ఎత్తేశారు, వేరే సంగతి. నేను చెప్పొచ్చేదేంటంటే, ఒక్క పేజీలో పట్టే చిన్న నిజం, ఎదుటివాడికి తన ఇల్లు కనిపించేలా చెప్తే, ఎంత పని చేస్తుందో నెల్లూరు వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే అలాంటి దాన్ని చూసి భయపడేవాళ్ళకి కూడా కొదవ లేదు.

అయినా నేను బొమ్మ తీసేశాను కదా, ఇదంతా చెప్పే హక్కు నాకుందా అని మీరనొచ్చు. నిజమే. నాయన ఆ ఊళ్ళో ఉండాలి, ఆయన పొలానికి నీళ్ళు ఆ కాలవ మీంచే రావాలి, పాస్‌బుక్కు ఆ ఆఫీసులోనే సరిచేయించుకోవాలి. నేను ఇక్కడ ఏసీలో కూర్చుని ధైర్యం చేస్తే దాని కిస్తీలు ఆయన కట్టాలి. జైలుకెళ్ళిన కార్టూనిస్టులకి పేపర్లో ఒక వార్తయినా వస్తుంది. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగిపోయిన కథలు ఎన్ని ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో ఏ లెక్కల్లోకీ రావు. అలా తీసేసిన బొమ్మల గురించి ఎవరో ఒకరు రాయాలి కదా అని ఇది రాశాను. పార్టీల్ని నేను అడిగేదేమీ లేదు. చదివేవాళ్ళనే అడుగుతున్నా. ఈసారి మీ నాయకుడి ముక్కు ఎవరైనా సాగదీసినప్పుడు, ఆ బొమ్మలో పేరు తీసేసి ఒక్కసారి చూడండి. ఏమైనా మిగిలితే, నవ్వకపోయినా ఫర్వాలేదు, ఫిర్యాదు మాత్రం రాయకండి.

తాత 2021లో పోయాడు. ఉంటే ఏమనేవాడో తెలీదు. మొన్న ఫోన్లో నాయన మోటారు కాలిపోయిందనీ, వారం నుంచి ట్రాక్టరుతో నీళ్ళు తోలుతున్నారనీ చెప్పాడు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, పెట్టేసే ముందు అన్నాడు, "ఆ బొమ్మలో బిందె పట్టుకుంది మీ అమ్మేనా? ముక్కుపుడక మర్చిపొయ్యావు."